దక్షిణామూర్తిగారు యూరప్ వెళ్లలేదు

తాళ్ళూరి దక్షిణామూర్తిగారు పంతొమ్మిది రోజుల సెలవు కోసం అర్జీ పెట్టినప్పుడు, ఆ అర్జీ వల్ల ప్రభుత్వానికి నలభై నాలుగు లక్షల అరవై వేల రూపాయలు ఖర్చవుతుందని మా సెక్షన్లో ఎవరమూ అనుకోలేదు.

మాది యాత్రికాభ్యుదయ సంస్థ. రాష్ట్రానికి వచ్చే యాత్రికులను అభ్యుదయపరచడం మా పని. నేను అందులో బి సెక్షన్ సూపరింటెండెంట్‌ని, పేరు కృపామణి. మూర్తిగారు నా కింద సీనియర్ అసిస్టెంటు. వయసులో నాకన్నా పెద్ద. అప్పటికి రిటైర్మెంటు ఏడాదిన్నర దూరంలో ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన తొమ్మిదేళ్లు రైల్వే స్టేషన్లో మా సమాచార కౌంటర్ దగ్గర కూర్చున్నారు. వీపున బస్తాంత సంచీ వేసుకుని, హవాయి చెప్పులతో రైలు దిగే తెల్లపిల్లలు ఆయన దగ్గరికి వచ్చి, తక్కువలో ఎక్కడ పడుకోవచ్చు, తక్కువలో ఏం తినొచ్చు అని అడిగేవారు. ఆయన చెప్పేవారు. చెప్పీ చెప్పీ ఆయనకో అనుమానం వచ్చింది. వీళ్లు ఇంత కొంచెం డబ్బుతో నెలరోజులు మన దేశం తిరుగుతున్నారే, మరి వాళ్ల దేశంలో నేను ఇలా తిరగలేనా అని. అనుమానం తీర్చుకోవడానికి ఆయనకి ముప్పై ఏళ్లు పట్టింది. రోజూ అన్నం తిన్నాక, ఆయన భార్య వకుళగారు కుట్టుమిషన్ మీద జాకెట్లు కుడుతూ ఉంటే, పక్కన కూర్చుని ఏ ఊళ్లో పడక ఎంత, ఏ ఊళ్లో రొట్టె ఎంత, ఏ మ్యూజియం ఏ వారం ఉచితం అని నోటు పుస్తకాల్లో ఎక్కించుకునేవారు. ఆయన స్వయంగా చూసిన పడమటి దేశాల్లో చిట్టచివరిది షిర్డీ.

విదేశాలకు వెళ్లే ఉద్యోగి నింపాల్సిన ఫారంలో ఒక గడి ఉంటుంది: 'ప్రయాణపు ఖర్చు ఎంత, ఎలా'. అందరూ అందులో ఒక అంకె వేసి ఊరుకుంటారు. మూర్తిగారు ఏ పనీ సగం చేసే మనిషి కారు. ప్రాగ్, బుడాపెస్ట్, క్రాకో, వియన్నా, లిస్బన్, ప్యారిస్ నగరాలను పోల్చి ఎనిమిది పేజీలు రాసి జతపరిచారు. లిస్బన్ బాగుంటుంది కానీ దూరం, ప్యారిస్ దగ్గరే కానీ పడుకోవడానికి ఖరీదు, క్రాకోలో పూట భోజనం మన బస్టాండు హోటల్లో రెండు పూటలంత, వియన్నాలో మంచినీళ్లు కొనక్కర్లేదు, వీధి కుళాయిలో పట్టుకోవచ్చు. చివర మొత్తం: విమానంతో సహా లక్షా తొంభై వేలు. నిధులు: సొంత పొదుపు.

నేను 'సిఫారసు చేయడమైనది' అని రాసి ఫైలు పైకి పంపాను.

ఆ సమయంలో పైకి పంపడమే పొరపాటైంది. మా ఎం.డి. ధనుంజయప్రసాద్‌గారు అప్పుడే ఏదో సదస్సుకి వెళ్లొచ్చారు. అక్కడ ఆయనకి బ్యాక్‌ప్యాకర్ అనే మాట తగిలింది. 'ధనిక యాత్రికుడు హోటలును పోషిస్తాడు, వీపుసంచీ యాత్రికుడు వీధిని పోషిస్తాడు' అని వచ్చిన ప్రతివాళ్లతో అంటున్నారు. శుక్రవారం శుక్రవారం సిబ్బంది అంతా వీపుసంచీతో ఆఫీసుకి రావాలని సర్క్యులర్ కూడా వచ్చింది. నేను మా మనవడి స్కూలు సంచీ వేసుకుని వెళ్లేదాన్ని. ఆ రోజుల్లో వాడు టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని బడికి పోయేవాడు.

ఎం.డి.గారు మమ్మల్నిద్దర్నీ పిలిపించారు. బల్ల మీద మూర్తిగారి ఎనిమిది పేజీలూ పరిచి ఉన్నాయి.

"మూర్తీ, ఇది సెలవు చీటీ కాదయ్యా. ఇది దార్శనిక పత్రం. యూరప్ నగరాలు బీద యాత్రికుణ్ణి ఎలా ఆకర్షిస్తున్నాయో తెలిస్తే మన ఊళ్లను కూడా ఆ స్థాయికి తీసుకెళ్లొచ్చు. దీన్ని వ్యక్తిగత స్థాయిలో వదిలేయడం జాతికి నష్టం."

"సెలవు మంజూరు చేస్తే వెళ్లొచ్చి ఇంకా వివరంగా రాసిస్తానండి," అన్నారు మూర్తిగారు.

"నువ్వొక్కడివి వెళ్లొస్తే అది అనుభవం అవుతుంది. సంఘం వెళ్లొస్తే అధ్యయనం అవుతుంది."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. 'యూరోపియన్ నగరముల అల్పవ్యయ యాత్రికానుకూలతా తులనాత్మక అధ్యయన ఉన్నతస్థాయి సంఘం'. అధ్యక్షులు ఎం.డి.గారు. సభ్యులు ఎనిమిదిమంది, అందరూ జాయింట్ డైరెక్టర్ స్థాయివారు, ఆ పైవారు. మూర్తిగారి గ్రేడుకి అధికారిక విదేశీ పర్యటన అర్హత లేదు కనుక ఆయన కేంద్ర కార్యాలయంలోనే ఉండి సంఘానికి సమాచారం అందించాలి. సమాచారం అందించాలి కనుక ఆయన సెలవు అర్జీ అధ్యయనం ముగిసేదాకా ఆపడమైనది.

సన్నాహక సమావేశానికి నేను మినిట్స్ రాశాను. బస ఎక్కడ అన్నది మొదటి అంశం. మూర్తిగారు హాస్టళ్ల పేర్లు చదివారు. ఒక గదిలో ఆరు పడకలు, మంచం మీద మంచం, స్నానానికి అందరికీ కలిపి ఒకటే గది. అప్పుడు జాయింట్ డైరెక్టర్ ఉప్పులూరి ఆదినారాయణగారు సందేహం వెలిబుచ్చారు. నియమ నిబంధనల్లో మా సంస్థలో ఆయన్ని మించినవారు లేరు.

"పై మంచం మీద ఎవరు శయనించాలి అన్నది స్పష్టపరచుకోవాలండి. ఎం.డి.గారికి మోకాళ్ల నొప్పులు, పైకి ఎక్కలేరు. వారు కింద ఉంటే ఆ పైన ఒక కిందిస్థాయి అధికారి ఉండవలసి వస్తుంది. పై అధికారికి పైన కింది అధికారి శయనించడం ప్రవర్తనా నియమావళికి అనుగుణం కాదు."

దీని మీద గంటన్నర చర్చ జరిగింది. పై మంచాలు ఖాళీగా వదిలేసి మిగతావారు నేల మీద పడుకుంటే ఎలా ఉంటుందని ఒకరన్నారు. నేల మీద పడుకుంటే గెజిటెడ్ హోదాకి భంగమని మరొకరన్నారు. చివరికి నాలుగు నక్షత్రాల హోటళ్లలో విడివిడి గదులు తీసుకోవాలనీ, హాస్టళ్లను పగటిపూట బయటి నుంచి పరిశీలించాలనీ తీర్మానమైంది.

"సార్, ఒక్క రాత్రి అందులో పడుకుంటే అసలు సంగతి తెలుస్తుంది," అన్నారు మూర్తిగారు మెల్లిగా.

"మూర్తీ, రోగం ఏమిటో తెలుసుకోవడానికి డాక్టరు రోగం తెచ్చుకోడు," అన్నారు ఎం.డి.గారు. అది కూడా మినిట్స్‌లో రాయమన్నారు.

సంఘం బయల్దేరింది. టెండరు పిలిచి కొన్న తొమ్మిది వీపుసంచీలు ఎయిర్‌పోర్టు దాకా వేరే బండిలో వెళ్లాయి. పన్నెండు రోజులు. ప్రాగ్, బుడాపెస్ట్, వియన్నా, ప్యారిస్. క్రాకోలో నాలుగు నక్షత్రాల హోటలు కుదరక దాన్ని 'అధ్యయనానికి సిద్ధంగా లేని నగరం'గా గుర్తించి వదిలేశారు.

అక్కడ పొద్దున్నయ్యేసరికి ఇక్కడ మధ్యాహ్నం. మూర్తిగారు అన్నం డబ్బా విప్పగానే ఫోను మోగేది.

"మూర్తీ, మా ముందొక నది ఉంది. ఇది ఏ నది?" అని ఒకరోజు ఎం.డి.గారు అడిగారు. ఫోను స్పీకరులో ఉంది, అందరం విన్నాం.

"ఏ ఊళ్లో ఉన్నారండి?"

"అది నువ్వు చెప్పాలి. షెడ్యూలు నీ దగ్గరుంది."

"నిన్న ప్రాగ్ అయిపోయింది కాబట్టి ఇవాళ బుడాపెస్ట్ అండి. అది డాన్యూబ్. మీకు ఎడంపక్కన పసుపు రంగు పట్టాల బండి పోతూ ఉంటుంది చూడండి, రెండో నంబరు ట్రాము. ఒక్క టికెట్టుతో నది ఒడ్డంతా చూపిస్తుందండి. పార్లమెంటు, వంతెనలు, అన్నీ."

"మాకు వ్యాను ఉంది. అద్దాలు నల్లవి కావడం వల్ల నది సరిగ్గా కనపడక అడిగాను."

మూర్తిగారు ఫోను పెట్టేసి డబ్బా దగ్గరికి లాక్కున్నారు. "ఎడంపక్కనే ఉంటుందండీ, నాకు తెలుసు," అన్నారు నాతో.

సంఘం తిరిగి వచ్చింది. అందరికీ జలుబులూ, బిల్లులూ మిగిలాయి. నివేదిక ఎవరు రాయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు తొమ్మిదిమందీ మూర్తిగారి వైపు చూశారు. ఆయన నెలరోజులు కూర్చుని రాశారు. ఎనిమిది పేజీలూ నూటపదహారు పేజీలయ్యాయి. ఎం.డి.గారు అంకెలున్న చోటల్లా కొట్టేశారు.

"నీ అంకెలకి క్షేత్రస్థాయి ఆధారం లేదు. మా బిల్లులు ఉన్నాయి కదా, వాటిని సగటు చేసి వెయ్యి. తొమ్మిదిమంది, పన్నెండు రోజులు."

సగటు చేస్తే మనిషికి రోజుకి నలభై ఒక్క వేల మూడు వందలు వచ్చింది. నగరాలను పోలిస్తే అన్నిటికన్నా చౌక వియన్నా అని తేలింది. అక్కడ ఎం.డి.గారి తోడల్లుడి స్నేహితుడు మూడు పూటలు భోజనం పెట్టారు. బీద యాత్రికులకు వియన్నాలో భోజన వ్యయం శూన్యమని పట్టికలో చేరింది. నివేదిక అట్ట మీద ఎం.డి.గారు వీపుసంచీతో ఒక హాస్టల్ మెట్ల మీద నిలబడి నవ్వుతున్న ఫోటో వేశారు. ఆ ఫోటో మా మీడియా విభాగంలో, మా మేడ మెట్ల మీద తీసి, వెనక హాస్టలు అతికించినది. ప్రభుత్వం నివేదికను ఆమోదించింది.

అధ్యయనం ముగిసింది కాబట్టి మూర్తిగారి సెలవు అర్జీ మళ్లీ పైకి వచ్చింది. మూడో రోజున మెమో వచ్చింది. దాన్ని ఆయన చేతికి ఇవ్వాల్సింది నేనే.

'ఆమోదిత నివేదిక ముప్పై నాలుగవ పేజీ ప్రకారము పంతొమ్మిది రోజుల యూరప్ పర్యటనకు కనీస అల్పవ్యయము రూ. 7,84,700. అర్జీదారు చూపిన నిధి రూ. 1,90,000. నిధులు చాలనందున అనుమతి నిరాకరించడమైనది. సదరు నివేదికను అర్జీదారే స్వయముగా రచించియున్నందున ఈ విషయము వారికి తెలియనిది కాదు.'

ఆయన రెండుసార్లు చదివారు. కోపం తెచ్చుకుంటారేమో అనుకున్నాను. అద్దాలు తీసి తుడుచుకుని, "రాసింది నేనే కదండీ," అన్నారు.

నిజానికి ఆయనకి వీసా అప్పటికే వచ్చింది. మేమిచ్చిన ఉద్యోగ ధ్రువపత్రమూ, బ్యాంకు పుస్తకమూ చూసి, ఆ లక్షా తొంభై వేలు చాలునని ఆ దేశంవాళ్లు నమ్మారు. మేమే నమ్మలేదు. తర్వాతి సోమవారం నేను సీటు దగ్గరికి వచ్చేసరికి పేపర్‌వెయిట్ కింద ఒక చీటీ ఉంది. 'కృపామణిగారికి నమస్కారాలు. మెమో చదివాను. టికెట్ కొన్నాక చదివాను. పంతొమ్మిది రోజుల్లో వస్తాను.'

ఇరవయ్యో రోజు పొద్దున పదింటికి వచ్చి హాజరుపట్టీలో సంతకం పెట్టారు. చిక్కారు. రంగు కమిలింది. కాళ్లకి బొబ్బలు. ఖర్చు లక్షా ఎనభై మూడు వేలు, ఏడువేలు మిగిలాయి. మధ్యాహ్నం భోజనాల దగ్గర సెక్షన్ సెక్షనంతా ఆయన చుట్టూ చేరింది. ప్రాగ్‌లో ఎనిమిది పడకల గదిలో ఏడుగురు ఇరవయ్యేళ్ల పిల్లలు, ఆయనా. పొద్దున్నే ఐదింటికి లేచి వంటింట్లో ఉప్మా చేస్తే ఏడుగురూ వాసన పట్టి లేచొచ్చారట. పై మంచం ఆయనదేనట. వియన్నాలో ఒపేరాకి నిలబడి చూసే టికెట్టు తీసుకుని మూడు గంటలు నిలబడ్డారు. "ఒక్క ముక్క అర్థం కాలేదండీ. పక్కనావిడ ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది," అన్నారు. ఆ మధ్యాహ్నం ఫైళ్లేవీ కదల్లేదు. ఇంతకుముందు కదిలేవని కాదు, ఆ రోజు కదల్లేదని మాకు గుర్తుంది.

నాలుగో రోజున చార్జిమెమో వచ్చింది. అనుమతి లేకుండా లక్షా ఎనభై మూడు వేలతో పంతొమ్మిది రోజుల విదేశీయానం చేశారు, సంజాయిషీ చెప్పండి అని. నకలు ఆడిట్ వాళ్లకి. విచారణాధికారిగా ఆదినారాయణగారిని వేశారు. యూరప్ విషయమై అవగాహన ఉన్న అధికారి కావాలి, ఆ అవగాహన సంఘ సభ్యులకే ఉంది.

విచారణలో వాంగ్మూలాలు రాసుకునే పని నాకు పడింది. మొదటి రోజు అంతా సవ్యంగా నడిచింది. మూర్తిగారు వెళ్లానని ఒప్పుకున్నారు. పాస్‌పోర్టు చూపించారు. ఏ రోజు ఎంత ఖర్చయిందో నోటు పుస్తకం ఇచ్చారు. ఆదినారాయణగారు అన్నిటికీ నంబర్లు వేసుకున్నారు. ఒక ఇంక్రిమెంటు కోతతో పోతుందని అందరం అనుకున్నాం.

రెండో రోజుకి ఆడిట్ వాళ్ల ఉత్తరం వచ్చింది. అందులో రెండే వాక్యాలు. 'మీ సీనియర్ అసిస్టెంటు ఒకరు విమానముతో సహా లక్షా ఎనభై మూడు వేలతో పంతొమ్మిది రోజులు యూరప్‌లో గడిపినట్లు మీ చార్జిమెమో ద్వారా తెలియుచున్నది. అట్లయిన తొమ్మిదిమంది అధికారుల పన్నెండు రోజులకు నలభై నాలుగు లక్షల అరవై వేలు ఎందుకు వ్యయమైనదో వివరించగలరు.'

ఎం.డి.గారి గది తలుపులు ఆ పూటంతా మూసే ఉన్నాయి. మధ్యాహ్నం విచారణ మళ్లీ మొదలైనప్పుడు ఆదినారాయణగారి గొంతు మారింది. చాలా దయగా మాట్లాడారు.

"మూర్తిగారూ, మీరు నిజంగా వెళ్లారా?"

"వెళ్లానండి. నిన్ననే చెప్పాను కదా."

"నివేదిక ప్రకారం ఆ డబ్బుతో నాలుగున్నర రోజులకి మించి అక్కడ ఉండడం సాధ్యం కాదు. పంతొమ్మిది రోజులు ఉన్నారంటే నివేదిక తప్పనాలి. ప్రభుత్వం ఆమోదించిన నివేదిక తప్పు కాదు. కాబట్టి మీరు ఉండలేదు."

"పాస్‌పోర్టు మీద ముద్రలున్నాయి కదండీ."

"ముద్రలు వాళ్ల ప్రభుత్వానివి. నివేదిక మన ప్రభుత్వానిది. రెంటికీ పొత్తు కుదరనప్పుడు నేను ఏ ప్రభుత్వ ఉద్యోగినో చూసుకోవాలి."

మూర్తిగారు ట్రాములో దిగిన ఫోటో ముందు పెట్టారు. ఆదినారాయణగారు దాన్ని వెలుతురుకి పట్టి చూశారు. "ఇలాంటివి మన మీడియా విభాగం కూడా చేస్తుంది," అని పక్కన పెట్టారు.

మర్నాడు వకుళగారిని సాక్ష్యానికి పిలిచారు. ఆవిడ మెళ్లో కొలతల టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చారు.

"అమ్మా, ఆ పంతొమ్మిది రోజులు మీవారు ఇంట్లో ఉన్నారా?"

"లేరండి."

"ఎక్కడున్నారు?"

"యూరప్‌లో."

"మీరు చూశారా?"

"నేనెలా చూస్తానండీ, నాకు బస్సెక్కితేనే వాంతులు. రోజూ ఫోను చేసేవారు."

"చూడనిదాన్ని సాక్ష్యంగా చెప్పకూడదమ్మా. సాక్షి భర్త ఆచూకీ ఎరుగరు అని రాసుకోండి కృపామణిగారూ."

నేను రాసుకున్నాను.

"సార్," అన్నారు మూర్తిగారు లేచి నిలబడి, "నేను వెళ్లాను. అనుమతి లేకుండా వెళ్లడం తప్పే. ఒప్పుకుంటున్నాను. ఏ శిక్షైనా వెయ్యండి."

"మీరు నిర్దోషి అని నేను మొత్తుకుంటుంటే మీరు ఒప్పుకోరేమండీ?" అన్నారు ఆదినారాయణగారు. అరవైమందిని విచారించిన మనిషి, ఇలాంటి మొండి ముద్దాయిని ఎన్నడూ చూడలేదని తర్వాత నాతో అన్నారు.

సాయంత్రం నన్ను పిలిచి ఒక కాగితం ఇచ్చారు. అందులో ఒకే వాక్యం టైపు చేసి ఉంది. 'నేను యూరప్ వెళ్లలేదు, జ్వరముతో బంధువుల ఇంట ఉంటిని.' కింద సంతకానికి చోటు. సంతకం పెడితే చార్జీలు ఎత్తేస్తారు, సెలవు మంజూరవుతుంది, రిటైర్మెంటు ప్రయోజనాలు సకాలంలో అందుతాయి. పెట్టకపోతే కేసు నడుస్తూనే ఉంటుంది, గ్రాట్యుటీ ఆగుతుంది. "మీ మాట వింటారు, వెళ్లి నచ్చచెప్పండి," అన్నారు.

వెళ్లాను. ఇంట్లో మూర్తిగారు కాగితం చదివి మడిచి వకుళగారి మిషన్ బల్ల మీద పెట్టారు.

"మీరైతే సంతకం పెడతారా?" అని అడిగారు.

"పెడతానండి," అన్నాను. ఇరవై ఎనిమిదేళ్లుగా నేను పెట్టిన సంతకాలు తలచుకుంటే ఇది పెద్దది కాదు. "గ్రాట్యుటీ చిన్న విషయం కాదండీ. వాళ్లు వెళ్లలేదన్నంత మాత్రాన మీరు వెళ్లింది పోదు కదా."

వకుళగారే మిషన్ ఆపి అన్నారు. "ఈయన వచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్నే లేచి తన దుప్పటి తనే మడత పెట్టుకుంటున్నారండీ. ముప్పై నాలుగేళ్లలో ఎప్పుడూ లేదు. అక్కడ ఎవరి పక్క వాళ్లే తియ్యాలట. వెళ్లకపోతే ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"క్రాకోలో ఒక పాలహోటలు ఉందండీ," అన్నారు మూర్తిగారు. "వాళ్లు అలాగే అంటారు. కూలీవాళ్లు, ముసలివాళ్లు తింటారు. నాకు వరస ఎలాగో తెలియక అడ్డంగా నిలబడ్డాను. వెనకాల నా వయసాయన, మేస్త్రీలా ఉన్నాడు, భుజం తట్టి పళ్లెం చేతికిచ్చి, వేలితో చూపించి నాకేం కావాలో ఆయనే చెప్పించాడు. ఎర్రటి చారు, ఉడికించిన దుంపలు. ఎదురుగా కూర్చుని తిన్నాం. ఒక్క మాట కలవలేదు. లేచి వెళ్లేటప్పుడు చెయ్యి కలిపాడు. నలభై ఏళ్లు కౌంటర్లకీ ఫైళ్లకీ వెనకే ఉన్నానండీ. ఆ కౌంటరుకి ఇవతలి పక్క నిలబడింది ఆ పంతొమ్మిది రోజులే. ఆ రోజులు నేను జ్వరంతో పడుకున్నానని రాసి ఇవ్వలేను."

నేను కాగితం సంచీలో పెట్టుకుని వచ్చేశాను. గుమ్మం దాకా వచ్చి, "మీకేం ఇబ్బంది రాదు కదా?" అని అడిగారు.

తుది ఉత్తర్వు నెల తర్వాత వచ్చింది. ఆదినారాయణగారు దాని మీద నిజంగా కష్టపడ్డారు. దక్షిణామూర్తిగారు యూరప్ వెళ్లలేదని నిర్ధారణ అయినందున అనుమతి లేని విదేశీయానం అన్న ఆరోపణ కొట్టివేయబడింది. పంతొమ్మిది రోజులు గుర్తించబడని ప్రదేశంలో ఉన్నందుకు జీతం కోత. చేయని ప్రయాణాన్ని చేసినట్లు తోటి సిబ్బందిని నమ్మించినందుకు అభిశంసన, ఒక ఇంక్రిమెంటు నిలుపుదల. ఇకపై సదరు చేయని ప్రయాణం గురించి కార్యాలయ ఆవరణలో మాట్లాడరాదు.

ఆడిట్ వాళ్లకి ఆ ఉత్తర్వు నకలు పంపారు. అటువంటి చవక ప్రయాణమేదీ జరగనందున పోలిక తలెత్తదని జవాబు రాశారు. వాళ్లు అభ్యంతరం ఎత్తేశారు. ఎం.డి.గారు దక్షిణ అమెరికా అధ్యయనానికి ప్రతిపాదనలు పంపారు.

మూర్తిగారు ఉత్తర్వు అందినట్లు సంతకం పెట్టారు. దానికి మాత్రం పెట్టారు. "జరిగిందేదో జరిగింది. కేసు మూసేశారు కదండీ, గ్రాట్యుటీ ఆగదు," అని నేనంటే, "అదేనండీ," అన్నారు. ఆ తర్వాత ఆఫీసులో ఆయన యూరప్ మాట ఎత్తలేదు. భోజనాల దగ్గర కుర్రవాళ్లు అడిగినా, పెరుగు కలుపుకుంటూ, "ఉత్తర్వుందయ్యా," అనేవారు.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి ఆదినారాయణగారు మా సెక్షన్‌కి వచ్చారు. జాయింట్ డైరెక్టర్లు సెక్షన్లకి రారు, సెక్షన్లే వారి దగ్గరికి వెళ్తాయి. అందరం లేచి నిలబడ్డాం. ఆయన మూర్తిగారి బల్ల దగ్గరికి వెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మా అమ్మాయి చదువు పూర్తయిందండీ. స్నేహితురాలితో కలిసి యూరప్ తిరిగొస్తానంటోంది. తన ట్యూషన్ డబ్బులు దాచుకుందట. రెండు లక్షలు. అంతకు మించి నా దగ్గర తీసుకోదట." ఆయన గొంతు తగ్గించారు. "సరిపోతుందాండీ?"

మూర్తిగారు లేచి బీరువాలోంచి నివేదిక తెచ్చి ముప్పై నాలుగో పేజీ తీశారు. "రోజుకి నలభై ఒక్క వేల మూడు వందలండి. ఇద్దరికీ కలిపి అయితే…"

"అది కాదండీ. అసలు సంగతి చెప్పండి."

"అసలు సంగతి వెళ్లినవాళ్లని అడగాలండి. మీరు వెళ్లారు కదా. నేను వెళ్లలేదు."

ఆదినారాయణగారు నివేదిక అట్ట మీద ఫోటో వైపు కాసేపు చూశారు.

"నేను వ్యాన్లోంచి చూశానండీ," అన్నారు చివరికి. "ఆడపిల్లలిద్దరే పోతున్నారు. ఎక్కడ పడుకోవాలో, ఏ వీధిలో నడవకూడదో నాకేం తెలియదు. రాత్రి మా అమ్మాయి అడిగింది."

మూర్తిగారు నివేదిక మూసి బీరువాలో పెట్టారు. తాళం వేశారు. అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. కోపం కోసం నేను ఆయన మొహంలో వెతికాను. కౌంటరు దగ్గర ఎవరైనా దారి అడిగితే ఎలా చూసి ఉంటారో అలాగే చూస్తున్నారు.

"ఇది కార్యాలయ ఆవరణ కదండీ," అన్నారు.

ఆదినారాయణగారికి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఆయన లేచారు. నా బల్ల మీదున్న రూళ్ల పుస్తకం ఒకటీ, పెన్నూ అడిగి తీసుకున్నారు. ఇద్దరూ మెట్లు దిగారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. గేటు దాటేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. రోడ్డు దాటి టీకొట్టు బల్ల మీద కూర్చున్నారు. మూర్తిగారు చెయ్యి తిప్పుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టారు. జాయింట్ డైరెక్టర్‌గారు తల వంచుకుని, తన సొంత చేత్తో రాసుకుంటున్నారు.